మంచి సినిమా చెప్పవా?

"ఏదైనా మంచి సినిమా ఉంటే చెప్పు" అని అడిగినవాళ్లకి మనలో చాలామంది వాట్సాప్‌లో పది పేర్లు పంపిస్తాం. అవతలివాళ్లు బొటనవేలి గుర్తు ఒకటి పెడతారు. నెల పోయాక అడిగితే ఒక్కటీ చూసుండరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఏది చూడాలో తేల్చుకోలేకే మనల్ని అడిగారు. పది పేర్లిచ్చి ఆ తేల్చుకునే పనిని మళ్లీ వాళ్ల నెత్తినే పెట్టాం.

ఈ అధ్యాయం పెద్దగా పేరు రాని సినిమాల గురించి. పెద్ద హీరో సినిమాకి మన మాట సాయం అక్కర్లేదు. హోర్డింగులున్నాయి, ట్రైలర్లున్నాయి, టీ కొట్టు దగ్గర వాదనలున్నాయి. చిన్న సినిమాకి ఇవేవీ ఉండవు. ఓటీటీ తెరిచాక పైన కనిపించే రెండు మూడు వరసల్లో చోటు దొరక్కపోతే అది ఉన్నట్టే ఎవరికీ తెలీదు. ఆ వరసలు కూడా మనం ఇంతకుముందు ఏం చూశామో దాన్నిబట్టే మారుతుంటాయి. వరసగా నాలుగు క్రైమ్ థ్రిల్లర్లు చూసిన ఇంట్లో ఐదోసారి కూడా క్రైమ్ థ్రిల్లరే పైకొచ్చి కూర్చుంటుంది. అలాంటప్పుడు ఒక చిన్న సినిమా ఆ ఇంటిదాకా చేరాలంటే తెలిసినవాళ్ల నోటిమాట కావాలి. మీరు చెప్పింది ఒకసారి బెడిసికొడితే రెండోసారి మీ మాట వినరు. పైగా ఆ సినిమా పేరు ఆ ఇంట్లో మళ్లీ ఎత్తలేం. కాబట్టి ఈ పనిని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

సినిమా చెప్పడం సంబంధం చెప్పడం లాంటిదే. పిల్లాడు బంగారమే కావచ్చు, కానీ ఈ ఇంటికి సరిపోతాడా లేదా అన్నది చెప్పేవాడు చూసుకోవాలి. మీకు నచ్చిన సినిమా మీ దగ్గర ఎలాగూ ఉంది. ఇక తెలుసుకోవాల్సింది అడిగిన మనిషి సంగతి.

అందుకని వెంటనే పేరు చెప్పకుండా తిరిగి మీరే అడగండి. ఎవరెవరు కూర్చుని చూస్తారు? మధ్యాహ్నమా, రాత్రి భోజనాలయ్యాకా? ఈ రెండూ మామూలు ప్రశ్నలు. మూడోది అసలైంది: ఈమధ్య ఫోన్ ముట్టుకోకుండా చివరిదాకా చూసిన సినిమా ఏది? "నీకు ఎలాంటి సినిమాలిష్టం?" అని అడిగితే మనుషులు బయటికి చెప్పుకోవడానికి బాగుండే పేర్లు చెప్తారు. ఫోన్ సంగతి అడిగితే నిజంగా కదలకుండా చూసినవి చెప్తారు. ఆ జవాబులోనే మీరు ఎటు నడవాలో తెలిసిపోతుంది.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. వాళ్లకి నచ్చిన పేరున్న సినిమా పట్టుకుని, అక్కణ్ణుంచి పేరు లేని సినిమాకి తీసుకెళ్లడం.

2023లో వచ్చిన 'బలగం' మన ఊళ్లలో టెంట్లు వేసి మరీ చూశారు. ఇంట్లో పెద్దాయన పోతే పదకొండు రోజుల్లో కుటుంబం ఏమైందన్న కథ అది. ఆ సినిమా గుండెకి తగిలినవాళ్లకి 'తిథి' చెప్పండి. 2015లో రామ్ రెడ్డి అనే యువకుడు తీసిన కన్నడ సినిమా. మండ్య జిల్లాలో ఒక పల్లె. సెంచరీ గౌడ అనే నూటొక్క ఏళ్ల ముసలాయన పోతాడు. పదకొండో రోజు తిథి పెట్టేలోపు కొడుకు, మనవడు, ముని మనవడు ఎవరి గొడవలో వాళ్లుంటారు. నటించినవాళ్లు ఆ పక్క పల్లెల మనుషులే, ఎప్పుడూ కెమెరా ముందు నిలబడినవాళ్లు కారు. స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చిత్రోత్సవంలో కొత్త దర్శకుల విభాగంలో గోల్డెన్ లెపర్డ్ వచ్చింది. అయితే ఒక తేడా ముందే చెప్పాలి. 'బలగం' ఏడిపిస్తుంది, 'తిథి' నవ్విస్తుంది. 'బలగం'లోలాగా బుర్రకథ విని కళ్లు తుడుచుకోవాలని కూర్చున్నవాళ్లకి ఇక్కడ అలాంటి ఘట్టం దొరకదు. ఈ తేడా చెప్పకుండా "అచ్చం బలగంలాగే ఉంటుంది" అన్నారనుకోండి, అరగంటలో టీవీ కట్టేస్తారు.

'పుష్ప'లో షెకావత్‌ని చూసి ఫహద్ ఫాజిల్ అభిమానులైనవాళ్లు మన ఇళ్లలో బోలెడు మంది. వాళ్లని 'తొండిముదలుం దృక్సాక్షియుం' దగ్గరికి తీసుకెళ్లడం తేలిక. 2017లో దిలీష్ పోతన్ తీసిన మలయాళ సినిమా. బస్సులో కొత్తగా పెళ్లైన అమ్మాయి మెడలో గొలుసు పోతుంది. దొంగ దాన్ని మింగేస్తాడు. ఇక కథంతా పోలీస్ స్టేషన్ చుట్టూనే. హత్యల్లేవు, ఛేజింగుల్లేవు, అయినా 'దృశ్యం' చూసినంత ఉత్కంఠ. ఇదే దర్శకుడి మొదటి సినిమా 'మహేషింటె ప్రతీకారం'ని వెంకటేష్ మహా 2020లో 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'గా మన అరకులో తీశారు. సబ్‌టైటిల్స్ అంటే భయపడేవాళ్లకి ముందు ఈ తెలుగుదే చెప్పండి. అది నచ్చితే మలయాళం వైపు వాళ్లే అడుగుతారు.

'ఉప్పెన' చూసి విజయ్ సేతుపతిని ఇష్టపడ్డవాళ్లకి 'కడైసి వివసాయి' అనే తమిళ సినిమా. అందులో ఆయన పాత్ర చిన్నదే. కథంతా మాయాండి అనే ముసలి రైతుది. ఊరి దేవుడి జాతరకి కొత్త వడ్లు కావాలి, ఆ ఊళ్లో ఇంకా సేద్యం చేస్తున్నది ఆయనొక్కడే. చచ్చిపడున్న నెమళ్లని పూడ్చిపెట్టిన పాపానికి ఆయన మీద కేసు పడుతుంది. పోసిన నారు ఎండిపోతుంటే ఆయన కోర్టుకీ జైలుకీ తిరగాల్సొస్తుంది. ఆ పాత్ర వేసిన నల్లాండి నిజజీవితంలో కూడా రైతే. సినిమా 2022లో విడుదలయ్యే నాటికి ఆయన లేరు. తర్వాత జాతీయ అవార్డుల్లో ఆయన పేరు ప్రత్యేకంగా ప్రస్తావించారు. వ్యవసాయం వదిలి పట్నానికొచ్చిన తండ్రి ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ సినిమా చెప్పొచ్చు.

భాష గురించి ఒక మాట. హిందూపురం, మడకశిర వైపు వాళ్లకి కన్నడం చెవికి కొత్త కాదు. చిత్తూరు, సత్యవేడు వైపు అరవం అలవాటే. వాళ్లకి అసలు భాషలోనే చూడమని నిర్భయంగా చెప్పొచ్చు. వరంగల్‌లోనో, భీమవరంలోనో ఉన్న పెద్దావిడకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూడమంటే అది శిక్షే అవుతుంది. తెలుగు డబ్బింగ్ ఉందో లేదో మీరే చూసి చెప్పాలి. లేకపోతే తెలుగు సినిమానే ఎంచండి. మనకేం తక్కువ లేవు.

నిజానికి తెలుగులోనే మరుగున పడ్డవి చాలా ఉన్నాయి. "ఇప్పుడొచ్చేవేం సినిమాలు" అని విసుక్కునే రిటైరైన మేష్టారికి 'మిడిల్ క్లాస్ మెలొడీస్' పెట్టండి. 2020లో నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. గుంటూరులో హోటల్ పెట్టి తన చేతి బొంబాయి చట్నీ రుచి చూపించాలనుకునే కొడుకు, వాడి మీద పొద్దస్తమానం కేకలేసే తండ్రి. తండ్రి కొండలరావుగా గోపరాజు రమణ నోరు తెరిచాక మేష్టారు టీవీ ముందు నుంచి లేవరు. లెక్కల్లో మార్కులు రాని పిల్లలున్న ఇంటికి '35 చిన్న కథ కాదు'. తిరుపతిలో ఒక బస్ కండక్టర్ కుటుంబం. సున్నాకి విలువే లేనప్పుడు తొమ్మిది కన్నా పది ఎందుకు పెద్దదని అడిగే పిల్లాడు, వాడి కోసం తనే మళ్లీ లెక్కలు నేర్చుకోవడానికి కూర్చునే తల్లి. ఇది పిల్లలతో పాటు తల్లిదండ్రులూ కూర్చుని చూడాలి. పిల్లల్ని ఒక్కళ్లనే కూర్చోబెడితే సగమే అందుతుంది.

పది నిమిషాలకోసారి ఫోన్ తీసే కుర్రాళ్లకి 'సినిమా బండి'. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, గంటన్నర పైచిలుకే. ఆటోలో ఎవరో మర్చిపోయిన ఖరీదైన కెమెరా దొరికితే, ఊరి ఫోటోగ్రాఫర్‌ని వెంటేసుకుని ఆ ఆటో డ్రైవర్ సొంతంగా సినిమా తీయడం మొదలుపెడతాడు. అదే ఏడాది ఆహాలో వచ్చిన 'మెయిల్' ఊళ్లోకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజుల కథ. మీకు కోట్లు తగిలాయని వచ్చిన ఈమెయిల్‌ని నమ్మిన కుర్రాడు, వాడికి గురువుగా ప్రియదర్శి. ఊళ్లో మొదటి ఇంటర్నెట్ సెంటర్ చూసినవాళ్లు ఇప్పుడు డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉండి ఉంటారు. వాళ్లకి ఇంతకంటే మంచి సినిమా నాకు తోచదు.

చేత్తో పనిచేసి బతికిన మనిషి ఉన్న ఇంటికి 'మల్లేశం'. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. నూలు పోగుని చీలల చుట్టూ చేత్తో వేలసార్లు తిప్పాలి. ఆ పనితో తల్లి భుజం పోతుంటే చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమా 2019లో వచ్చింది. తల్లిగా ఝాన్సీ చేసిన ఆ చెయ్యి కదలికలు చూశాక చీర ధర అడిగే తీరే మారుతుంది. ఇది నేను అతిశయంగా అంటున్నది కాదు.

సినిమా దొరికింది. ఇక ఎలా చెప్పాలి? ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే.

రెండు వాక్యాలు మించి కథ చెప్పకండి. 'కేరాఫ్ కంచరపాలెం' గురించి చెప్పాలంటే విశాఖలో ఒక పేట, నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమలు అని ఆగిపోవాలి. ఇంకా ఏమైనా చేర్చాలంటే తీసిన తీరు గురించి చేర్చండి. అందులో ఎక్కువమంది కంచరపాలెం వాసులే నటించారు. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు, సలీమా పాత్ర కూడా ఆమే వేశారు. దర్శకుడు వెంకటేష్ మహాకి ఇదే మొదటి సినిమా. 2018 సెప్టెంబరులో థియేటర్లకొచ్చింది. ఇంత చెప్తే ఆసక్తి పుడుతుంది, కథ చెక్కు చెదరదు. ఏ సినిమాకైనా "చివర్లో చూడు ఏమవుద్దో" అనే మాట మాత్రం నోట రానివ్వకండి. అది విన్న మనిషి మొదటి సీను నుంచీ ఆ చివరి కోసమే కాచుకుని కూర్చుంటాడు. మధ్యలో జరిగేదేదీ కళ్లకి ఆనదు.

"మాస్టర్ పీస్", "జీవితంలో ఒక్కసారైనా చూడాలి" లాంటి మాటలూ వద్దు. అంతెత్తున నిలబెడితే చిన్న సినిమా పొట్టిగా కనబడుతుంది. అవార్డులు మొదట చెప్పకండి. జాతీయ అవార్డు అనగానే మన ఇళ్లలో "అయితే బోరే" అని తేల్చేసేవాళ్లున్నారు. అవార్డుల సంగతి సినిమా అయిపోయాక చెప్తే ఆ ఆనందం వేరు.

నిదానంగా నడిచే సినిమా అయితే ఆ ముక్క దాచొద్దు. "మొదటి ఇరవై నిమిషాలు మనుషులు పరిచయమవుతారు, ఏమీ జరగనట్టుంటుంది, ఆగండి" అని చెప్తే ఆగుతారు. చెప్పకపోతే ల్యాగ్ అని ముందుకి జరుపుతారు. 'కడైసి వివసాయి'లో రైతు నడకని ముందుకి జరిపితే ఇక చూడ్డానికేం మిగిలింది?

బాధపెట్టే సంగతులుంటే అవి కూడా దాచకూడదు. ఇది మర్యాదకి సంబంధించిన విషయం, నేను గట్టిగా పట్టుబడతాను. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి' మన భాషలో వచ్చిన గొప్ప సినిమాల్లో ఒకటి. నిజాం కాలపు తెలంగాణలో ఒక దొర గడీలో కట్నంతో పాటు దాసిగా వచ్చిన ఆడబాప కథ. ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. కమలాక్షిగా అర్చనకి ఉత్తమ నటి అవార్డు, కళా దర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠానికి అవార్డు. మాటలు తక్కువ, గడీ గోడలే ఎక్కువ మాట్లాడతాయి. అయితే అందులో ఆ అమ్మాయి మీద జరిగే దౌర్జన్యం మామూలుది కాదు. రజ్నేష్ దోమలపల్లి కొలంబియా యూనివర్సిటీలో తన చదువు కోసం తీసిన 'వనజ' కూడా అంతే. 2006లో వచ్చింది. కోస్తాలో జమీందారిణి ఇంట పనికి కుదిరి కూచిపూడి నేర్చుకునే పేదపిల్ల. ఆ వనజగా మమతా భూక్యా నాట్యం చేస్తుంటే కన్ను తిప్పుకోలేం. కానీ ఆ పిల్ల మీద అత్యాచారం జరుగుతుంది. నాట్యం నేర్చుకుంటున్న మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చూద్దామనుకునే అమ్మమ్మకి ఈ ముక్క చెప్పకుండా వనజ పేరు చెప్పడం అన్యాయం. ఇలాంటివి ఒంటరిగానో, మాట్లాడుకోగలిగిన స్నేహితులతోనో చూడాల్సినవి. అదే వరసలో ఇంద్రగంటి మోహనకృష్ణ మొదటి సినిమా 'గ్రహణం' ఉంది. చలం 'దోషగుణం' కథ ఆధారంగా తనికెళ్ల భరణి ముఖ్యపాత్రలో తక్కువ ఖర్చుతో డిజిటల్ కెమెరాతో తీశారు. భార్య మీద అనుమానం ఒక ఇంటిని ఏం చేస్తుందో చూపిస్తుంది. పెళ్లిరోజు సాయంత్రానికి పనికిరాదు గానీ, సాహిత్యం చదివే మనిషికి కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఇక ఏర్పాట్లు. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ సగం సినిమాలు ఇక్కడే ఆగిపోతాయి. మీరు చెప్పే రోజునే ఆ సినిమా ఎక్కడుందో తెరిచి చూడండి. హక్కుల గడువు తీరగానే ఓటీటీల నుంచి సినిమాలు తీసేస్తారు, వేరే చోటికి పోతాయి. పోయినేడు మీరు చూసిన చోట ఈరోజు ఉండకపోవచ్చు. వాళ్లింట్లో ఏ ఓటీటీకి డబ్బు కట్టారో కనుక్కోండి, లేనిదాంట్లో ఉన్న సినిమా చెప్పి లాభం లేదు. తెలుగు పేర్లని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. వెతికితే దొరకడం లేదంటే హీరో పేరో, దర్శకుడి పేరో కొట్టమనండి. లేదా అక్కడి లింకే పంపండి. నిడివి ఎంతో చెప్పండి, రాత్రి పదికి మొదలెట్టేవాళ్లకి అది ముఖ్యం. చెవులు సరిగ్గా వినిపించని పెద్దవాళ్లకి తెలుగు సినిమాకైనా సబ్‌టైటిల్స్ పెట్టి, సెట్టింగుల్లో అక్షరాలు పెద్దవి చేసి ఇవ్వండి. పాత సినిమాలు యూట్యూబ్‌లో దొరికితే ముందు మీరు ఓ పది నిమిషాలు చూడండి. మాట వినపడని, మొహం కనపడని కాపీ అయితే ఆ సినిమా మీద చులకన భావం ఏర్పడిపోతుంది.

దొంగ కాపీ లింకులు పంపకండి. పెద్ద సినిమా థియేటర్ డబ్బులతో తట్టుకుంటుందేమో. చిన్న సినిమా తీసినవాళ్లకి ఓటీటీలో ఎంతమంది చూశారన్న లెక్కే తర్వాతి సినిమాకి దారి. మీరు ఇష్టపడి చెప్తున్న సినిమాకి మీ చేత్తోనే నష్టం చేయకండి.

వీలైతే పక్కన కూర్చుని చూడండి. మీరు ముందే చూశారు కాబట్టి "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అనకుండా ఉండడం మాత్రం కష్టమే, అయినా ఉండాలి. వేరే ఊళ్లో ఉన్నవాళ్లయితే రెండ్రోజులాగి ఫోన్ చేయండి. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అని మర్యాదకి అనేస్తారు. "మల్లేశం తండ్రి మీకెలా అనిపించాడు?" అని ఒక మనిషి గురించి అడగండి. అప్పుడు మాట సాగుతుంది. నచ్చలేదంటే వాదించొద్దు. ఏ నిమిషంలో ఆపేశారో కనుక్కోండి. వాళ్లకి తర్వాత ఏం చెప్పాలో మీకు అందులోనే తెలుస్తుంది. నచ్చిందంటే మాత్రం వెంటనే ఇంకో నాలుగు పేర్లు గుప్పించకండి. కనీసం ఓ వారం ఆ సినిమాతోనే ఉండనివ్వండి.

ఇంకొకటి. మీరూ వాళ్లని అడగండి. మీ అత్తగారికో, పక్కింటాయనకో మీరు వినని పాత సినిమా ఒకటి తప్పకుండా గుర్తుంటుంది. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ 'కఫన్' కథని తెలుగులో 'ఒక ఊరి కథ'గా తీశారని ఇప్పటి కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆ రోజుల్లో ఫిల్మ్ సొసైటీలకి వెళ్లినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఎవరూ అడగక చెప్పకుండా ఉండిపోయారు.

ఈ పుస్తకం పక్కన పెట్టి ఇప్పుడే ఒక మనిషిని అనుకోండి. ఆ మనిషి ఫోన్ పట్టుకోకుండా చూసిన సినిమా ఏదో కనుక్కోండి. ఈ ఆదివారానికి ఒకే ఒక్క పేరు, అది ఎక్కడుందో, ఎంతసేపో రాసి పంపండి. అంతకుమించి ఒక్క పేరు కూడా చేర్చకండి.